పిల్లర్ పెట్టె

లాగోస్‌లో ఆకాశమంత మేడ లేస్తున్న ఆ సందులో కాంక్రీటు లారీ ఒక్కటే పడుతుంది. పోసేముందు పిల్లర్ పెట్టె మీద, అంటే కాంక్రీటు పోసే చెక్క అచ్చు మీద, సుత్తితో కొడతారు. లోపల చెత్త తీసేవాడు ఇంకా ఉంటే తిరిగి కొడతాడు.

నిన్న రాత్రి లోపలినుంచి ఎవరో తిరిగి కొట్టారు.

"ఓగా, మేస్త్రీగారూ, లోపల చెత్త తీసే ఒకాన్ ఉన్నట్టున్నాడు!" అని అరిచాడో కూలీ.

వెనక లారీలు చెవులు చిల్లులు పడేలా హారన్లు కొడుతున్నాయి. "ఎలుకలే, పోసెయ్యండ్రా!" అన్నాడు మేస్త్రీ అకాండే.

ఈ రాత్రి చెత్త తీయడానికి పై అంతస్తు పెట్టెలోకి దూరేందుకు ఎవడూ ఒప్పుకోలేదు. "పిరికి సన్నాసులు!" అంటూ అకాండే తనే దూరాడు. కాళ్ల కింద, నిన్న పోసి గట్టిపడ్డ కాంక్రీటులోంచి ఎవరో బాదుతున్నారు. వెనక్కి తిరిగేలోగా తలుపుచెక్క మూసుకుంది. బయటినుంచి మేకులు దిగాయి.

సుత్తి మోగింది. అకాండే పిడికిళ్లు చిట్లి నెత్తురు కారేదాకా తిరిగి కొట్టాడు.

"ఎలుకలే, పోసెయ్యండ్రా!"

పైనుంచి వినబడింది ఒకాన్ గొంతు. కాంక్రీటు గొట్టం గురగురలాడింది.