ఆవిరి పట్టిన చట్రం

చీకటి పడ్డాక విరుదునగర్ దగ్గరి కబేళాకు వచ్చింది ఉష. మాంసం మీద క్రిములెన్నున్నాయో పరీక్షించడం ఆమె ఉద్యోగం. చల్లగదిలో తోలు ఒలిచిన మేక ఒక్కటే కొక్కేనికి వేలాడుతోంది.

"ఎప్పుడు కోసినారు తాతా?"

"పొద్దున్నేమ్మా. తల అప్పుడే అమ్ముడుపోయె," అన్నాడు కావలి మారిసామి, గడప అవతలి నుంచే. "నేను లోపలికి రాను తల్లీ. సీక్రం ముగించుకో."

నమూనా కోసం దూదితో తుడవాల్సిన చోటుకు హద్దు చూపే స్టీలు చట్రాన్ని మేక మెడ దగ్గర మాంసానికి ఆనించింది. చట్రం మీద ఆవిరి పట్టింది. తన ఊపిరేననుకుని తుడిచేసింది. మళ్ళీ పట్టింది.

ఈసారి ముక్కు మూసుకుని, నోరు బిగించింది. చల్లగది మోటారు రొద ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో చట్రం మెల్లగా ఆరింది.

ఉష ఇంకా ఊపిరి బిగబట్టే ఉంది.

స్టీలు మీద తెల్లగా ఆవిరి పట్టింది.