పాడుబడ్డ ఊరి దిగుడు

సౌదీలోని అసీర్ కొండల్లో సైకిల్ యాత్రకు ధహ్రాన్ నుంచి వచ్చిన ఇంజనీరు నాగేందర్‌కు, తోడొచ్చిన ఖాసిం అంటే చులకన. చీకటి పడ్డాక పాడుబడ్డ రాతి ఊళ్లోకి పోవద్దన్నందుకు, "నీ అసుంటోడు మంచం మీదనే సైకిల్ తొక్కాలె" అని వెక్కిరించి, అతన్ని కిందే వదిలేసి ఒక్కడే ఎక్కాడు.

కూలిన గోడల మధ్యకు చేరేసరికి వెనక పెడళ్ల కిర్రు వినిపించింది.

"వచ్చినవా పిరికోడా?" అన్నాడు, తిరిగి చూడకుండానే. కిర్రు ఇంకా దగ్గరైంది. అంత ఎక్కుడులోనూ ఆయాసం వినబడలేదు.

అంతలో ఫోన్ మోగింది.

"అన్నా, నేనింకా కిందనే ఉన్న. జల్ది రా," అన్నాడు ఖాసిం.

కిర్రు ఆగింది. తిరిగి చూస్తే, ఫోన్ లైటు వెలుగులో దారి ఖాళీగా ఉంది. నాగేందర్ గబగబా దిగుడుకు సైకిల్ తిప్పాడు. ఎంత తొక్కినా కదలదు. వెనక ఎవరో కూర్చున్నంత బరువు.

"దిగు," అని కసరబోయాడు. గొంతు బతిమాలింది.

బరువు దిగలేదు. ఇంకొకరు ఎక్కినట్టు పెరిగింది.