ఎర్ర తాడు

బెల్టు మళ్లీ ఆగిపోయింది.

దుంపల్ని గుట్టగా పోసే ఆ బెల్టు మీద సరుకు దింపడానికి, చక్కెర బీట్ దుంపలు నింపుకున్న లారీలు మెయిన్ రోడ్డు దాకా బారులు తీరి ఉన్నాయి. రేపటికి గడ్డకట్టే చలి వస్తుందని రేడియో పొద్దుటి నుంచీ ఒకటే గోల. దుంప పొలంలోనే గడ్డకట్టిందంటే ఏడాది కష్టం మట్టిపాలే.

"ఎవరయ్యా తాడు లాగింది?" అరిచాడు మేస్త్రీ కర్ట్.

అడగాల్సిన పనే లేదు. బెల్టు పక్కన పొడవునా కట్టిన ఎర్ర తాడు ఎవరు లాగినా యంత్రం ఆగుతుంది. లాగేది మాత్రం ఎప్పుడూ ఒక్కడే. లెస్టర్.

దుంపల కాలంలో పనికోసం ఎక్కడెక్కడివాళ్లో బళ్లలోనే కాపురం పెట్టుకుని నార్త్ డకోటాకి వస్తారు. ఈ ముసలాయన కూడా అలాగే వచ్చాడు. ఊరేదో చెప్పడు. ఎవరితోనూ కూర్చుని కాఫీ తాగడు. తాడు ఒక్కటే ఆయన చుట్టం.

"నేనే బాబూ," అన్నాడు లెస్టర్. "ఆ అమ్మాయి తిరుగుతున్న బెల్టు మీద పార పెట్టి బురద గీకుతోంది. బెల్టు పారని లాక్కుంటే దాంతో చెయ్యి కూడా పోతుంది."

"నాకేం కాలేదు తాతా! ఇక్కడ పెద్ద గండం నువ్వే!" అంది ఆ అమ్మాయి.

అందరూ నవ్వారు.

ముందున్న లారీలోంచి రైతు మార్లో తల బయటపెట్టాడు.

"ఏమయ్యా కర్ట్! దుంపలు దింపుకుంటారా, ఇక్కడే సూప్ కాచుకోమంటావా?"

కర్ట్‌కి ఒళ్లు మండింది. లెస్టర్ మీదికి తిరిగాడు.

"కింద దుంప పడితే ఆపుతావు. ఎవడైనా బెల్టు దాటితే ఆపుతావు. రేపు నేను తుమ్మినా ఆపుతావా?"

"దుంప మీద కాలేస్తే జారతారు బాబూ. జారినవాడికి చేతికందేది బెల్టే."

"నాకు చెబుతున్నావా? మా నాన్నని మింగింది ఈ బెల్టే! అప్పటికి నాకు నడక కూడా రాలేదు. దీని సంగతి నాకంటే నీకు బాగా తెలుసా?"

లెస్టర్ తల దించుకున్నాడు.

కర్ట్ ఓ తీగ ముక్క తెచ్చాడు. తాడు లాగితే కదిలే మీటని ఇక కదలకుండా బిగించి కట్టేశాడు. లారీలు పెరిగినప్పుడల్లా ఇక్కడి మేస్త్రీలు గుట్టుగా చేసే పనే అది. పైవాళ్లు తనిఖీకి వస్తున్నారంటే విప్పేస్తారు.

"ఇప్పుడు లాగు, చూద్దాం."

లెస్టర్ చేతులు జోడించాడు. "బాబూ, నీకు దణ్ణం పెడతా. అది విప్పెయ్."

"నువ్వు రేపటి నుంచి రాకు. రేపేంటి, ఇప్పుడే వెళ్లు."

"వెళతాను. తీగ విప్పు, వెళ్లిపోతాను."

"ముందు నడువ్!"

తూకం గదిలోంచి కర్ట్ తల్లి ఆర్డిస్ పరుగున వచ్చింది. లారీల బరువు చూసేదీ, మనుషుల్ని పనిలో పెట్టుకునేదీ ఆవిడే.

"ఒరే, ఆయన్ని పంపెయ్యకురా."

"ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావమ్మా ఈ పీడని?"

"తనే వచ్చాడు. ఉండనీరా. నా మాట విను."

"నువ్వు లోపలికెళ్లమ్మా. ఇక్కడ లారీలు ఆగిపోయాయి."

ఆవిడ ఇంకా ఏదో చెప్పబోయింది. ఇంతలో బెల్టు మళ్లీ నడుస్తోందని హారన్ మోగింది. బెల్టు రొదలో ఆ మాట ఎవరికీ వినపడలేదు. లెస్టర్ గేటు వైపు నడిచాడు.

కాసేపటికే బెల్టుని తిప్పే రోలర్‌కి బురద పట్టి బెల్టు ఓ పక్కకి జరగడం మొదలైంది. ఆపితే మళ్లీ ఆలస్యం. కర్ట్ పార పట్టుకుని బెల్టు పక్కనున్న మెట్లెక్కాడు. పైన ఇరుకు దారిలో ఓ దుంప పడి ఉంది. చూసుకోలేదు.

కాలు జారింది.

బెల్టునే పట్టుకున్నాడు. కోటు చెయ్యి రోలర్‌లోకి వెళ్లింది.

రెండో చేత్తో ఎర్ర తాడు లాగాడు. బెల్టు ఆగలేదు. మళ్లీ లాగాడు. ఆగలేదు. తీగ చాలా గట్టిగా కట్టాడు మరి.

కింద ఉన్నవాళ్లు కొయ్యబారిపోయారు. పార అమ్మాయి తేరుకుని స్విచ్ గదివైపు పరిగెత్తింది, కానీ ఆ గది ఆ చివరెక్కడో ఉంది.

గేటు దగ్గర వెనక్కి తిరిగి చూసిన లెస్టర్‌కి అది కనిపించింది.

ఆ వయసులో ఆయన అలా పరిగెత్తగలడని ఎవరూ అనుకోలేదు. మెట్లెక్కాడు. జేబులోంచి కత్తి తీసి కోటుని భుజం దగ్గర కోశాడు. కర్ట్‌ని రెండు చేతులతో వెనక్కి లాగాడు.

కోటు చెయ్యి ఒక్కటే రోలర్ నమిలేసింది. కర్ట్ వెల్లకిలా దారిలో పడ్డాడు. ఆ ఊపుకి లెస్టర్ తూలి, మెట్ల మీంచి కింద సిమెంటు మీద పడిపోయాడు.

అప్పుడు ఆగింది బెల్టు.

కర్ట్ దిగి వచ్చాడు. లెస్టర్ తల కింద నెత్తురు పారుతోంది.

"చెయ్యి... ఉందా బాబూ?"

"ఉంది తాతా. ఇదిగో, ఉంది."

లెస్టర్ ఆ చేతిని తాకి చూశాడు. తర్వాత ఆయన వేళ్లు జారిపోయాయి.

ఆర్డిస్ నేలమీద కూలబడి ఆ తలని ఒళ్లోకి తీసుకుంది.

"చాలు లెస్టర్. ఇంక చాలు," అంటూ ఏడ్చింది.

కర్ట్‌కి అంతా అయోమయంగా ఉంది. పొద్దుటి నుంచీ తను తిట్టిపోసిన మనిషి. మెడబట్టి గెంటినంత పని చేశాడు.

"అమ్మా, ఎవరమ్మా ఈయన? నా కోసం ఎందుకు ప్రాణం ఇచ్చాడు?"

"నీ పక్కన నిలబడి నిన్ను చూసుకుంటానన్నాడురా. మొదట తలుపు మొహానే వేశాను. మళ్లీ మళ్లీ వచ్చి అడిగాడు. చివరికి నేనే సరేనన్నాను."

"ఎవరని నమ్మి సరేనన్నావు?"

ఆర్డిస్ తలెత్తి కొడుకు మొహంలోకి చూసింది.

"ఆగిన బెల్టు కింద మీ నాన్న బురద తీస్తుంటే, చూసుకోకుండా స్విచ్ వేసింది ఈయనేరా."