సగం కట్టిన విమానం

నార్పోలి నేత కార్ఖానాలో మరమగ్గం తిప్పే బెల్టులో చిక్కుకుని వైభవ్ కుడిచెయ్యి మణికట్టు దాకా పోయి రెండు నెలలైంది. అప్పటి నుంచి అతను ఎవరితోనూ మాట్లాడలేదు. పెడితే తినేవాడు, లేకపోతే గోడవైపు చూస్తూ కూర్చునేవాడు.

ఆదివారం మధ్యాహ్నం అతని భార్య నీలిమ అల్మారా మీది డబ్బా దించింది. అందులో అతను సగం కట్టి వదిలేసిన ప్లాస్టిక్ నమూనా విమానం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో రొమేనియా వాళ్లు నడిపిన ఐఏఆర్-80; ఇక్కడెవరూ పేరు కూడా వినలేదు. చవక కిట్‌లో పైలట్ కూర్చునే చోటు బోసిగా ఉంటే, అతనే రేకుతో సీటు చేసి, నూలుపోగులతో బెల్టులు కట్టాడు.

ఆమె అతని ఎదురుగా కూర్చుని ఒక రెక్కకు గమ్ము రాసి అతికించింది.

వైభవ్ గోడవైపు నుంచి తల తిప్పి రెక్కను చూశాడు.

"గట్ల కాదు," అన్నాడు. "రెక్క చివర జర పైకి లేవాలె."

"నాకేం తెలుస్తది? ఎట్లనో నువ్వే చెప్పు."

"గమ్ము ఆరకముందే తియ్యి. అతికే కాడ సాండ్‌పేపర్‌తోని రుద్దు. మెల్లగ."

పదేళ్లుగా అతని పక్కన కూర్చుని చూసిన పనే అది. రెక్క ఎంత ఎత్తులో ఉండాలో ఆమెకు బాగా తెలుసు.

ఆమెకు ఏడుపు రాలేదు, సంతోషమూ కలగలేదు. ఆ రెక్క సరిచేసి, రెండోదాన్ని కూడా కావాలనే వంకరగా పెట్టింది.