నొప్పికి ఇంకో మాట

"మాస్టారూ, మరీ అంత చెయ్యకండి. మేం పరీక్షకి చదువుకుంటున్నాం, నాటకానికి కాదు!"

నర్సు ఆ మాట అనేసరికి క్లాసంతా గొల్లున నవ్వింది.

రోగి కుర్చీలో కూర్చున్న ముసలాయన నడుం పట్టుకుని, నుదుటి చెమట తుడుచుకున్నాడు. తర్వాత ఆయనా నవ్వాడు.

"అలవాటమ్మా. వయసులో ఉన్నప్పుడు స్టేజీ ఎక్కినవాణ్ణి. సరే చెప్పు, ఇప్పుడు నాది ఏ నొప్పి?"

"పెయిన్."

"ఎలాంటి పెయిన్?"

"వెరీ పెయిన్."

మళ్ళీ నవ్వులు. ఈసారి నవ్వింది ఆమెను చూసి.

అది మందుల షాపు మేడమీద, నర్సులకి ఇంగ్లీషు నేర్పే గది. ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తెల్లబోర్డు. రోగి వచ్చి బాధ చెప్పుకుంటాడు, అది ఏ రకం నొప్పో నర్సు ఇంగ్లీషులో రాయాలి. రోగి వేషానికి మనిషి కావాలని టీచరమ్మ తలుపు మీద కాగితం అంటిస్తే, ఈయన తనంతట తానే మెట్లెక్కి వచ్చాడు. వారానికి మూడు రోజులు, పొద్దున్నే.

నర్సుది ఇరవై ఏళ్ళ సర్వీసు. దొరకని నరాన్ని ఒక్క పోటుకి పట్టేస్తుంది. ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదు. ఆసుపత్రి వాళ్ళు పెట్టిన పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే వార్డులోంచి తీసేసి, దుప్పట్లు మడతపెట్టే పనికి పంపిస్తామన్నారు. వార్డు లేని బతుకు ఆమె ఊహకి కూడా అందడం లేదు. రెండు నెలలుగా కంటి మీద కునుకు లేదు.

అందుకే ఈ ముసలాయనంటే ఒళ్ళుమంట. మాటల జాబితా ఇచ్చేస్తే బట్టీపట్టి గట్టెక్కేది కదా!

"బట్టీపడితే లాభం లేదమ్మా," అనేవాడాయన. "ఇటు విను. సన్నగా, రోజంతా వదలకుండా ఉంటే ఏక్. తలనొప్పి, పన్నునొప్పి అలాంటివే. ముట్టుకుంటేనో మింగితేనో నొస్తే సోర్. గొంతు నొప్పికి జనం అదే వాడతారు. పిక్క పట్టేస్తే క్రాంప్. వేలు నలిగి సలుపుతుంటే థ్రాబింగ్."

"మరి ఇందాక మీరు పట్టుకున్న నడుం?"

ఆయన వెంటనే చెప్పలేదు. ఎవరో లోపల మాట్లాడుతుంటే వింటున్నట్టు కాసేపు ఆగాడు.

"లోపల్నించి కొరుకుతోంది. దాన్ని నాయింగ్ అంటారు. లేచి నిలబడితే కత్తి దిగుతోంది. అది స్టాబింగ్."

"ఒక్క ముక్క చెప్పడానికి ఇంతసేపా?"

"తొందరపడితే తప్పు చెప్తానమ్మా," అన్నాడు ఆయన.

ఒకరోజు ఆయన రెయిలింగు పట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ వచ్చాడు. వెనకే వస్తున్న నర్సుకి అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఏం మాస్టారూ, నటన మెట్ల దగ్గర్నించే మొదలెట్టారా?"

"ఇంటి గుమ్మం దగ్గర్నించే," అని నవ్వి, పక్కకి తప్పుకుని ఆమెకి దారిచ్చాడు.

పరీక్షనాడు చెవులకి తగిలించిన హెడ్‌ఫోన్లలో ఎవరో ఆడమనిషి గొంతు వినిపించింది. తన వీపు బాధ గబగబా చెప్పుకుపోతోంది. నర్సుకి ముచ్చెమటలు పోశాయి. కళ్ళు మూసుకుంది. కుర్చీలో నడుం పట్టుకున్న ముసలాయన కనబడ్డాడు. కళ్ళు తెరిచి చకచకా రాసేసింది.

మూడు వారాలకి ఫలితం వచ్చింది. పాసైంది.

రెండు డజన్ల కమలాపళ్ళు కొనుక్కుని క్లాసుకి పరిగెత్తింది. రోగి కుర్చీ ఖాళీ.

"రెండు వారాలుగా రావడం లేదు," అని టీచరమ్మ అడ్రసు రాసిచ్చింది.

తలుపు తీసింది ఆయన భార్య.

"మాస్టారు ఉన్నారా పిన్నిగారూ? నేను పాసయ్యానని చెబుదామని..."

ఆవిడ ఆమెను లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

"ఆయన పోయి తొమ్మిది రోజులైందమ్మా."

నర్సు గదంతా చూసింది. దుప్పటి తీసేసిన మంచం, పక్కన చిన్న బల్ల, దానిమీద మాత్రల అట్టలు. ఆ మాత్రలు ఆమె ఎరిగినవే. ఇంక చేయగలిగిందేమీ లేదని డాక్టర్లు చెప్పాక ఆమె వార్డులో ఇచ్చేవి అవే.

"వెన్నెముకలో కేన్సరు," అంది ఆవిడ. "రెండేళ్ళయింది. మన తెలుగు రాని డాక్టర్లాయె. ఈయనకేమో 'పెయిన్, పెయిన్' అనడం తప్ప చేతకాదు. నడుం పట్టేసిందనుకుని పైపూతలు రాసి పంపేసేవారు. అలా ఏడాది పోయింది. అప్పుడు పుస్తకం కొనుక్కుని ఒక్కో మాటా నేర్చుకున్నారు."

"మరి నాటకాలు వేసేవాణ్ణని..."

"నాటకాలా! పోస్టాఫీసులో పార్సిళ్ళు తూచేవారమ్మా. నలుగురి ముందు నోరు విప్పాలంటే సిగ్గుతో చచ్చిపోయేవారు."

నర్సు కళ్ళనీళ్ళు తుడుచుకుని ఒక అట్ట చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. సగం మాత్రలు అలాగే ఉన్నాయి.

"పిన్నిగారూ, ఇవి వేసుకుంటే అంత బాధ ఉండకూడదే. క్లాసులో ఆయన చెమటలు కక్కేవారు."

"క్లాసున్న రోజు పొద్దుటి మాత్ర వేసుకునేవారు కాదమ్మా," అంది ఆవిడ. "వేసుకుంటే నొప్పి ఎలా ఉందో సరిగ్గా తెలీదు, ఆ నర్సమ్మకి తప్పు చెప్పేస్తానేమో అనేవారు."