పన్నెండో రౌండు

“పదకొండే. తలుపు తెరుచుకోదు. జయకేతు చచ్చిపోయాడు,” అన్నాడు రంగనాథ్, పెన్సిలు బల్ల మీద పెట్టేసి.

“పన్నెండు అంకుల్!” దీక్షిత్ కుర్చీలోంచి లేచిపోయాడు.

కెనడాలోని బ్రాంప్టన్‌లో, నేలకి చెక్క పలకలు అమ్మే రంగనాథ్ ఫ్లోరింగ్ షాపు వెనక గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం జరిగే ఆట అది. రంగనాథ్ కథ నడుపుతాడు, రూల్సు చూస్తాడు, తీర్పు చెబుతాడు. మిగతా ముగ్గురూ ఆ కథలో మనుషులై పాచికలు వేస్తారు. దీక్షిత్ మనిషి జయకేతు అనే యోధుడు. రెండేళ్లుగా బతికి బట్టకడుతున్నాడు. ఈ బల్ల దగ్గర చచ్చినవాడు మళ్లీ లేవడు. వాడి వివరాలు రాసుకున్న కాగితం అక్కడికక్కడే చింపేస్తారు.

ఇవాళ జయకేతు ఒక కొత్త దేశపు కోటద్వారం దగ్గర శత్రువుల్ని ఎదిరిస్తూ ఒంటరిగా నిలబడ్డాడు. పన్నెండు రౌండ్లు నిలబడితే తలుపు తెరుచుకుంటుంది, ప్రాణం సున్నాకి వచ్చినా లోపలికి వెళ్లి బతుకుతాడు. పన్నెండో రౌండు చివర అతని ప్రాణం సున్నాకి వచ్చింది.

“మొదటి రౌండులో నువ్వేం చేశావు? కత్తి దూశావు, కవచం బిగించావు. అది నిలబడటం ఎలా అవుతుంది? అది తీసెయ్. పదకొండు.”

“నిలబడ్డది ద్వారం దగ్గరే కదా అంకుల్?”

“డాడ్, కమాన్! ఇట్స్ జస్ట్ ఎ గేమ్,” అంది రంగనాథ్ కూతురు నిఖిల.

“ఆటలో తప్పిన కొలత షాపులో నిలబడుతుందా అమ్మా?”

ట్రక్కు తోలే కాలేబు నవ్వాడు. “ఒదిలెయ్యరా దీక్షితూ. రంగనాథ్ గారు టేపు పట్టుకుంటే గోడే భయపడి అంగుళం జరుగుద్ది.”

రంగనాథ్‌కి ఆ మాట పొగడ్తలాగే వినిపించింది. అంగుళం తక్కువైన పలక గోడ దాకా రాదు, దాని ముందు కూర్చుని ఏడ్చినా రాదు. ముప్పై ఏళ్లుగా అమ్మినా అదే కొలత, కొన్నా అదే కొలత. ఈ వీధిలో ఆయన మాటకి విలువ అందుకే.

“నీకు అర్థమయ్యేలా చెప్తాను,” అన్నాడు దీక్షిత్ వైపు తిరిగి. “నువ్వు నా దగ్గర సూపర్‌వైజర్‌గా చేరావు. మొదటి రెండు వారాలు ఏం చేశావు? ఓక్ చెక్క ఏదో మేపుల్ చెక్క ఏదో తెలుసుకున్నావు. దాన్ని పని అంటామా? నేర్చుకోవడం అంటాం. కత్తి దూయడమూ అంతే.”

దీక్షిత్ చేతిలో పాచికని గట్టిగా గుప్పిట పట్టాడు.

“అది సరే, నీ పీఆర్ సంగతేమైంది?” అన్నాడు కాలేబు, మాట మార్చుదామని. షాపులో ఏడాది నిండిన రోజే వర్క్ పర్మిట్ గడువు అయిపోయి దీక్షిత్ పని మానేశాడు. ఇక్కడే శాశ్వతంగా ఉండిపోవడానికి పీఆర్‌కి అప్లై చేసి ఎదురుచూస్తున్నాడు.

“ముందు జయకేతు సంగతి తేలనీ అన్నా,” అన్నాడు దీక్షిత్. మళ్లీ రంగనాథ్ వైపు తిరిగాడు. “అంకుల్, ఇంకోసారి ఆలోచించండి.”

“ఇది మూడోసారి అడగడం. నువ్వు ఇన్నిసార్లు అడిగేవాడివి కాదే!”

“మొహమాటం మానేశానంకుల్. అందులో నష్టమే తప్ప లాభం కనిపించలేదు.”

“అబ్బో, మీ దగ్గర పనిచేసి వ్యాపారం నేర్చాడండోయ్!” అన్నాడు కాలేబు. దీక్షిత్ నవ్వలేదు.

“రూలు ఒక్కసారి పైకి చదవండి. మీరన్నట్టే ఉంటే కాగితం నేనే చింపేస్తా.”

రంగనాథ్ కళ్లజోడు పెట్టుకుని పుస్తకం తీశాడు. “ద్వారం దగ్గర పన్నెండు రౌండ్లు నిలిచినవాడికి తలుపు తెరుచుకుంటుంది.” పేజీ తిప్పాడు. వెనక్కి తిప్పాడు. మొదటి రౌండు గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు.

“తీసెయ్యమని రూలు చెప్పలేదంకుల్,” అన్నాడు దీక్షిత్ మెల్లగా. “తీసేసింది మీరు.”

రంగనాథ్ పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. తప్పుడు కొలతని సమర్థించుకుంటూ పోతే ఇల్లంతా వంకరవుతుంది. ఒప్పుకుంటే ఒక్క పలకతో పోతుంది. ఆ లెక్క రంగనాథ్‌కి ఒకరు చెప్పక్కర్లేదు.

“నాదే పొరపాటు,” అన్నాడు. “పన్నెండు. తలుపు తెరుచుకుంది. జయకేతు లోపలికి వెళ్లాడు.”

నిఖిల ఈల వేసింది. కాలేబు బల్ల మీద దరువేశాడు. దీక్షిత్ మాత్రం జయకేతు కాగితాన్ని అరచేత్తో సాపు చేసి నిఖిల ముందుకు జరిపాడు.

“ఇక నుంచి వీణ్ణి నువ్వు ఆడించు.”

“వై? నెక్స్ట్ సండే రావా?”

“మంగళవారం నా ఫ్లైట్.”

“ఊరికా? చెప్పనేలేదే! మళ్లీ ఎప్పుడొస్తావు?” అన్నాడు రంగనాథ్.

దీక్షిత్ జాకెట్ జేబులోంచి ఇమిగ్రేషన్ ఆఫీసు పంపిన నాలుగు మడతల కాగితం ఒకటి తీసి ఆయన ముందు పెట్టాడు. “ఇవాళ మూడుసార్లు అడిగితే ఒప్పుకున్నారు. పీఆర్ కోసం మీరు ఎక్స్‌పీరియెన్స్ లెటర్ ఇచ్చిన రోజు ఒక్కసారే అడిగి ఊరుకున్నానంకుల్.”

కళ్లజోడు ఇంకా ముక్కు మీదే ఉంది. రంగనాథ్ మడతలు విప్పాడు.

‘ఉండవలసిన అనుభవం: పన్నెండు నెలలు. యజమాని లేఖ ప్రకారం ఉన్నది: పదకొండు నెలల పదహారు రోజులు.’