లైల్ ప్రూయిట్ స్మారక బహుమతి

"ఈ బహుమతి నేను తీసుకోలేను డోరీన్!" అంటూ వేదిక పక్కనున్న గదిలో కుర్చీలో కూలబడ్డాడు వెర్నన్ హఫ్.

బయట ఓహాయో హోటల్ హాలు కిటకిటలాడుతోంది. కామిక్స్ అభిమానుల సమ్మేళనం అది. ఈ సాయంత్రం మాత్రం పాత తరం వాళ్లది. స్కూలు రోజుల్లో కామిక్స్ పిచ్చి ముదిరి, వంటింటి బల్ల మీద చేతులనిండా ఊదా సిరా పూసుకుని, సొంత పత్రికలు అచ్చేసి దేశమంతా పోస్టు చేసిన మహానుభావులు వీళ్లు. ఇప్పుడు సగం మందికి మోకాళ్లు మార్చారు, మిగతా సగానికి జుట్టు లేదు. వెర్నన్ పత్రిక పేరు 'పర్పుల్ కామెట్'.

"ఏమైంది? బీపీ మాత్ర మర్చిపోయారా?" అంది డోరీన్. సమ్మేళనం నడిపేది ఆవిడే.

"మాత్ర కాదమ్మా, లైల్ ప్రూయిట్ సంగతి. అసలు వాడు లేడు."

"అవును, పాపం! పసివాడు, గుండె జబ్బుతో పోయాడు. అందుకేగా వాడి పేరు మీద బహుమతి పెట్టింది."

"పోవడం కాదు. వాడసలు పుట్టనే లేదు."

డోరీన్ చేతిలోని కాఫీ కప్పు బల్ల మీదికి దిగింది.

వెర్నన్ ఇక ఆపుకోలేకపోయాడు. పత్రికకు ఉత్తరాలు వచ్చేవి కావు. ఉత్తరాల పేజీ బోసిగా ఉంటే తోటి సంపాదకుల్లో నామర్దా. అందుకని మంచం దిగలేని ఒక కుర్రాణ్ణి పుట్టించి, వాడి ఉత్తరాలు తనే రాసుకున్నాడు. అట్లాసు తెరిచి, వేలికి తగిలిన నెబ్రాస్కా ఊరు పెట్టాడు. ఏ ఊళ్లోనైనా ఉండే ఎల్మ్ స్ట్రీట్ తగిలించి, నోటికొచ్చిన ఇంటి నంబరు వేశాడు. పూర్తి చిరునామా లేని ఉత్తరం అప్పట్లో ఏ పత్రికా వేసేది కాదు మరి.

ఆ కుర్రాడు తెగ నచ్చేశాడు జనానికి. పత్రిక రాగానే ముందు లైల్ ఏమన్నాడో చూసేవాళ్లు. కొన్నాళ్లకి వెర్నన్ కాలేజీలో చేరాడు, ఒక అమ్మాయి వెంట పడ్డాడు, లైల్ బరువైపోయాడు. దాంతో ఒక సంచికకు నల్ల అంచు కట్టి, ఒక్క పేరాలో వాణ్ణి చంపేశాడు.

"పిల్లలు నిజంగా ఏడ్చారు డోరీన్. ఆ ఏడుపులన్నీ మళ్లీ తర్వాతి సంచికలో వేసుకుని పేరు తెచ్చుకున్నాను. అంత నీచుణ్ణి నేను. ఇవాళ అందరి ముందూ చెప్పేస్తాను."

"చెప్పి?" డోరీన్ గొంతు తగ్గించింది. "వాడి పేరు చెప్పుకునే ఏటా ఆసుపత్రుల్లో పిల్లలకు కామిక్స్ పంచుతున్నాం. మీ మనసు తేలికవుతుంది సరే, ఆ పిల్లల మాటేమిటి?"



తలుపు తోసుకుని గస్ తొంగిచూశాడు. అప్పట్లో ఇతనిదీ ఒక పత్రికే. "ఏరా పెళ్లికొడుకా, ఇంకా ముస్తాబు కాలేదా? ఒరేయ్, ఉన్నమాట చెప్తున్నా, లైల్ నీకంటే నాకే దగ్గర. నాకు విడిగా ఉత్తరాలు రాసేవాడు. నీ పత్రికలో వచ్చినవాటికంటే అవే బాగుండేవి!" అని కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

"విన్నావా?" అన్నాడు వెర్నన్. "ప్రతివాడూ ఇదే కోత. ఇంతమంది చేత అబద్ధాలాడిస్తున్న పాపం కూడా నాదే."

డోరీన్ ఇబ్బందిగా కదిలింది. "మీరు ఇంకోటి వినాలి. బహుమతి వార్త పేపర్లో చూసి ఒకావిడ నెబ్రాస్కా నుంచి ఫోన్ చేసింది. లైల్ అక్కనంది. మీకు బహుమతి ఆవిడ చేతుల మీదుగానే. ముందు వరసలో కూర్చుంది."

"లేనివాడికి అక్కేమిటి!"

జవాబు వచ్చేలోపే మైకులో అతని పేరు పిలిచారు. వెర్నన్ వేదిక ఎక్కాడు. చేతికర్ర ఊతంగా, నీలం స్వెటరు వేసుకున్న ముసలావిడ ఒకామె ఎదురొచ్చింది. పేరు ఓపల్ అన్నారు. ఈవిడ దొంగ అనాలంటే ముందు తను దొంగనని ఒప్పుకోవాలి.

"లైల్‌కి మీ ఉత్తరాలే లోకం," అంది ఓపల్ మైకులో. "పోస్టు బండి చప్పుడు వింటే చాలు, పండగే. మీలో ఎవరు ఏం రాశారో ఇప్పటికీ ఒక్క ముక్క మర్చిపోలేదు నేను."

హాలంతా ముక్కులు ఎగబీలుస్తోంది. గస్ బాహాటంగా ఏడుస్తున్నాడు.

ఆవిడ బహుమతి అందించి కౌగిలించుకుంది. చప్పట్ల మోతలో వెర్నన్ ఆవిడ చెవిలో గొణిగాడు. "ఎవరమ్మా మీరు? లైల్ లేడు. వాణ్ణి నేనే కల్పించాను."

"తెలుసు," అందావిడ, చెయ్యి వదలకుండానే. "కానీ మీరు వేసిన చిరునామా మా ఇంటిది. వాడి పేరున ఉత్తరాలు వచ్చిపడుతుంటే విప్పి చదివాను. మా ఊళ్లో నాతో మాట్లాడే పిల్లలు ఒక్కరూ లేరు. అందుకని వాడిలాగే జవాబులు రాశాను."

"అయితే గస్‌కి..."

"నేనే. అందరికీ నేనే." ఆవిడ కళ్లు హాలు వైపు తిరిగాయి, మళ్లీ అతని మీదికి వచ్చాయి. "మీరు వాణ్ణి చంపాక, మా ఇంటికి ఒక్క ఉత్తరం కూడా రాలేదు."